పరీక్షలయ్యేదాకా అయినా మా పిల్లల్ని కంటినిండా నిద్రపోనివ్వండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో రెసిడెన్షియల్ స్కూళ్లు, జూనియర్ కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాల వారికి, వాటిని తనిఖీ చేసే అధికారులకు ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

మాది పాకాల మండలంలో దామలచెరువు దగ్గర ఒక పల్లె. నాలుగు పాడి ఆవులు, ఎకరంన్నర మామిడి తోట మాకు ఆధారం. మా పాప తిరుపతి శివార్లలో ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో పదో తరగతి చదువుతోంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. స్కూలు పేరు, పాప పేరు, నా పేరు ఇందులో రాయడం లేదు. పాప ఇంకా ఆ హాస్టల్లోనే ఉంది కాబట్టి రాయలేను. ఇది ఆ ఒక్క స్కూలు గొడవ కూడా కాదు. మా బంధువుల పిల్లలు, పాల కేంద్రం దగ్గర రోజూ కలిసే తల్లుల పిల్లలు వేరే వేరే స్కూళ్లలో, ఇంటర్ కాలేజీల్లో ఉన్నారు. ఒకరి బాధ ఒకరం చెప్పుకుంటే అన్ని చోట్లా ఇదే వరస.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పరీక్షలు దగ్గర పడే కొద్దీ మీరు చదువు గంటలు పెంచుతున్నారు. ఆ గంటలన్నీ పిల్లల నిద్రలోంచే తీస్తున్నారు.

ఈ మాట ముందు మీ ముఖానే చెప్పాం. సంక్రాంతి సెలవులు అయ్యాక జరిగిన పేరెంట్స్ మీటింగులో 11 మంది తల్లిదండ్రులం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. "మిగతా పేరెంట్స్ ఇంకా ఎక్కువ చదివించమంటున్నారమ్మా, మీకొక్కరికే ఎందుకు ఇబ్బంది?" అన్నారు. వారం తర్వాత ఇంకోసారి వెళితే, "ఈ నలభై రోజులు ఓర్చుకోండి" అన్నారు. ఆ తర్వాత ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. పది రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైందని. ఎవరూ స్కూలుకు రాలేదు, ఎవరూ మా పిల్లలతో మాట్లాడలేదు. పాప పడుకునే టైం మాత్రం ఇంకో అరగంట వెనక్కి పోయింది. ఇక అందరికీ తెలిసేలా రాయడం తప్ప మాకు దారి కనపడలేదు.

హాస్టల్లో మా పాప రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. బెల్ కొట్టేది 5 గంటలకు. స్టడీ అవర్‌లో కూర్చోవాల్సింది 5:45కు. ఆ ఫ్లోర్‌లో 64 మంది ఆడపిల్లలు, బాత్రూమ్‌లు 6. నలభై అయిదు నిమిషాల్లో 64 మంది స్నానాలు చేయాలంటే ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. ఒక్క కుళాయి ఆగిపోయినా ఆ లెక్క తప్పుతుంది. అందుకని బెల్ కొట్టక ముందే, నాలుగుంబావుకే లేచి బకెట్ పట్టుకుని వరసలో నిలబడతారు. మీ టైంటేబుల్ కాగితం మీద లేచే టైం 5 గంటలనే ఉంది. ఆ కాగితం చూసి మేమూ మొదట్లో సరేననుకున్నాం.

5:45 నుంచి 7:15 దాకా చదువు. టిఫిన్. 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా క్లాసులు. ముప్పావు గంట అన్నానికి. మళ్లీ 5 దాకా క్లాసులు, స్లిప్ టెస్టులు. అరగంట విరామం. 5:30 నుంచి 8 దాకా చదువు. అన్నం తిన్నాక 8:45 నుంచి 10:30 దాకా మళ్లీ చదువు. ఇది మార్కులు బాగా వచ్చే పిల్లల సంగతి. ప్రీ ఫైనల్‌లో 600కు 450 కన్నా తక్కువ వచ్చిన వాళ్లను వేరే గదిలో కూర్చోబెట్టి 11:30 దాకా చదివిస్తారు. దానికి మీరు పెట్టిన పేరు స్పెషల్ కేర్. పిల్లలు దాన్ని సి బ్యాచ్ అంటారు. మా పాపకు మొదటి ప్రీ ఫైనల్‌లో 428 వచ్చాయి. అప్పటి నుంచి ఆ గదిలోనే ఉంది. రూముకు వచ్చి, పొద్దుటి బట్టలు పిండి ఆరేసుకుని, పుస్తకాలు సర్దుకుని పడుకునేసరికి 12. మళ్లీ నాలుగుంబావుకు లేవాలి. రోజుకు నాలుగుంబావు గంటల నిద్ర, అదీ పదిహేనేళ్ల పిల్లకు.

సారూ, తెల్లవారుజామున లేవడం గొప్ప అని మాకు చెప్పనక్కర్లేదు. మేమూ నాలుగింటికే లేస్తాం. ఆరు లోపల కేంద్రంలో పాలు పోయాలి. కానీ రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకుంటాం. మధ్యాహ్నం ఎండపూట గంటసేపు నడుం వాలుస్తాం. పొద్దున్నే లేవమని చెప్పిన మా పెద్దవాళ్లు పెందలాడే పడుకోమని కూడా చెప్పారు.

చూడి ఆవును ఈనే ముందు రెండు నెలలు పితకం. వట్టిపోనిస్తాం. పాలు వస్తున్నాయి కదా అని అప్పుడు కూడా పితికితే ఈనాక పాలు పడిపోతాయి, ఆవు చిక్కిపోతుంది. నాలుగు డబ్బులకు ఎంత ఇబ్బంది పడుతున్నా పాడి తెలిసిన వాళ్లెవరూ ఆ పని చేయరు. పరీక్షకు ముందు నెలలో పిల్లల దగ్గర మీరు చేస్తున్నది అదే.

ఫిబ్రవరి మొదటి ఆదివారం చూడ్డానికి వెళ్లాం. నేను, మా ఆయన చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సు ఎక్కి, చంద్రగిరి దాటాక దిగి, ఆటోలో పోయాం. రెండు గంటలు టైం ఇచ్చారు. పాపకు ఇష్టమని సంగటి, నాటుకోడి పులుసు, చెనక్కాయల ఊరుబిండి కట్టుకుని పోయాను. గేటు లోపల కానుగ చెట్టు కింద దుప్పటి పరిచి కూర్చున్నాం. పాప వచ్చింది, నవ్వింది, "అమ్మా, ఐదు నిమిషాలు" అని నా ఒడిలో తల పెట్టింది. అంతే. లేపితే లేవలేదు. వాళ్ల నాయన ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. టైం అయిందని వాచ్‌మెన్ వచ్చి చెప్పేదాకా అలాగే నిద్రపోయింది. క్యారియర్ మూత తీయలేదు. లోపలికి పంపనివ్వరు కాబట్టి తెచ్చిన క్యారియర్ తెచ్చినట్టే ఇంటికి మోసుకొచ్చాం. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రోజే పాప సోషల్ నోట్‌బుక్ చూశాను. అట్ట వేయమని నాకు ఇచ్చింది. మొదటి నాలుగు లైన్లు ముత్యాల్లా ఉన్నాయి. ఐదో లైన్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆరో లైన్లో ఒక అక్షరం కొమ్ము దగ్గర పెన్ను జారి, పేజీ చివరి దాకా గీత పడింది. దాని కింద ఎర్ర ఇంకుతో "ఇంపొజిషన్ 10 సార్లు" అని రాసి ఉంది. అలాంటి పేజీలు ఆ ఒక్క పుస్తకంలో పద్నాలుగు లెక్కపెట్టాను.

మా ఊరి దగ్గర డాక్టరమ్మను అడిగాను, ఇదంతా తల్లి బెంగేనా, నిజంగా నష్టం ఉందా అని. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే అని ఆమె విడమరిచి చెప్పింది. నిద్ర లేకపోతే చదివింది నిలవదు, తెలిసిన లెక్క కూడా తప్పు చేస్తారు, చిన్నమాటకే ఏడుపు వస్తుంది, జబ్బులు త్వరగా పట్టుకుంటాయి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పిందట. మా పాపకు దొరుకుతున్నది అందులో సగం.

దీనివల్ల మా ఇళ్లలో ఏం జరుగుతోందో మీ దృష్టికి తెస్తున్నాను.

1. మార్కులు పెరగడం లేదు, తగ్గుతున్నాయి. 428 వచ్చిన మా పాపకు, నెలరోజులు సి బ్యాచ్‌లో 11:30 దాకా కూర్చున్నాక, రెండో ప్రీ ఫైనల్‌లో 401 వచ్చాయి. అదే గదిలో ఉన్న ఇంకో నలుగురు పిల్లల తల్లులతో మాట్లాడాను. ముగ్గురికి తగ్గాయి, ఒకరికి అలాగే ఉన్నాయి. ఇది చెబితే, "అయితే ఇంకో అరగంట పెంచుదాం" అన్నారు. ఎవరికి మార్కులు తక్కువో వాళ్లకే నిద్ర తక్కువ. చదువులో వెనకబడిన పిల్లకు సాయం చేయడం అంటే పక్కన కూర్చుని రాని లెక్క మళ్లీ చెప్పడం. ఆ గదిలో లెక్కల సార్ ఉండరు. నిద్రపోకుండా చూడ్డానికి ఒక మేడం ఉంటారు, అంతే.

ఆ మేడం గురించి కూడా చెప్పాలి. బీఈడీ చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. రాత్రి 11:30 దాకా వాళ్లతో ఉండి, మళ్లీ 5:45కు స్టడీ అవర్‌కు ఆమే రావాలి. మా పిల్లల్ని తిట్టిందని నాకు ఆమె మీద కోపం లేదు. ఆమె కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

2. జబ్బు వచ్చినా చెప్పుకోవడం లేదు. జనవరి చివర్లో పాపకు మూడు రోజులు జ్వరం. మాత్ర వేసి స్టడీ అవర్‌లో వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మాకు తెలిసింది తొమ్మిది రోజుల తర్వాత, అదీ వేరే పిల్ల వాళ్ల అమ్మ ద్వారా. ఎందుకు చెప్పలేదే అంటే, "సిక్ రూముకు పోతే ఆ రోజు టెస్టు మళ్లీ రాత్రి రాయిస్తారమ్మా" అంది. నెలసరి రోజుల్లో కడుపునొప్పితో కూడా పిల్లలు ఆ బెంచీల మీదే కూర్చుంటున్నారు. ఇది మగవాళ్లున్న మీటింగుల్లో లేచి చెప్పలేక చాలామంది తల్లులు ఊరుకుంటున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

3. ఇంటితో మాట తెగిపోయింది. ఇంతకుముందు ఆదివారం వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడేది, స్పీకర్ పెట్టి, పక్కన ఒకరు ఉండగా. "బాగున్నాను, తిన్నాను" తప్ప ఏం చెప్పగలదు? ఫిబ్రవరి రెండో వారం నుంచి అదీ ఆపేశారు, పరీక్షలు అయ్యేదాకా ఫోన్లు, విజిట్లు లేవన్నారు. టెన్షన్ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే పిల్లకు అమ్మ గొంతు వినపడకుండా చేయడం ఏ పద్ధతో మాకు అర్థం కావడం లేదు.

4. అప్పు తెచ్చి కట్టిన ఫీజు మా నోరు నొక్కేస్తోంది. మామిడి కాయ అమ్మితే తీరుద్దామని అప్పు తెచ్చి టర్మ్ ఫీజు కట్టిన ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో. గట్టిగా అడిగితే పిల్లను సతాయిస్తారేమో, టీసీ ఇచ్చి పంపేస్తారేమో, హాల్ టికెట్ ఆపేస్తారేమో అని భయం. మొదట సంతకం పెట్టిన 11 మందిలో ఐదుగురు తర్వాత వెనక్కి తగ్గారు. వాళ్లను నేను తప్పు పట్టను. హాల్ టికెట్ గురించి భయపడే తల్లిదండ్రులకు ఒక మాట: ప్రభుత్వం 2025లో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సర్వీసులో పదో తరగతి, ఇంటర్ హాల్ టికెట్లు మన ఫోన్‌లోనే తీసుకునే వీలు ఆ ఏడాదే కల్పించారు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. "ఇంకా ఎక్కువ చదివించండి" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారని మీరన్నది నిజమే. ఫోన్ చేసిన ప్రతిసారీ తిన్నావా అని అడగకముందే మార్కులెన్ని అని అడిగిన తల్లిని నేనూ. డిసెంబరులో పాప "నిద్ర చాలడం లేదమ్మా" అంటే, మూడు నెలలేగా అన్నాను. కానుగ చెట్టు కింద ఆ పిల్లను చూశాకే నాకు తెలిసొచ్చింది. కొందరు తల్లిదండ్రులు తెలియక అడిగారని మీరు చేయకూడదు కదా. పిల్లల గురించి మాకన్నా మీకే బాగా తెలుసని నమ్మి వాళ్లను మీ చేతుల్లో పెట్టాం.

నేను అడుగుతున్నవి కొత్త కోరికలు కావు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. అవి స్కూళ్లకు, కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్లకు అన్నిటికీ వర్తిస్తాయి, పాటించి తీరాల్సినవి. వందమంది, అంతకన్నా ఎక్కువమంది పిల్లలున్న చోట శిక్షణ పొందిన కౌన్సిలర్ ఒకరైనా ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు, శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, క్లాసుల్లో కనపడేలా రాయాలి. ఇవన్నీ జరుగుతున్నాయో లేదో చూడ్డానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. మా పాప స్కూల్లో 900 మందికి పైగా పిల్లలున్నారు. కౌన్సిలర్ అనే మాటే పాప వినలేదు. నోటీసు బోర్డు మీద ఉన్నది ఒక్కటే, సి బ్యాచ్ పిల్లల పేర్ల లిస్టు, మార్కులతో సహా.

ఇక మా డిమాండ్లు. మొదటి ఆరూ యాజమాన్యాలకు, చివరి రెండూ అధికారులకు.

1. రాత్రి 10 గంటలకు స్టడీ అవర్ ముగించి లైట్లు ఆర్పాలి. పొద్దున 6 దాకా ఏ పిల్లనూ లేపకూడదు. ఏ బ్యాచ్ అయినా ఇదే టైం. ఈ ఒక్కటి రేపటి నుంచే చేయొచ్చు, రూపాయి ఖర్చు లేదు.

2. సి బ్యాచ్ గది మూసేయాలి, బోర్డు మీది లిస్టు తీసేయాలి. వెనకబడిన పిల్లలకు పగలు, ఆ సబ్జెక్ట్ టీచర్ దగ్గర, ఏది రాదో అది చెప్పించాలి.

3. స్నానాలకు రూముల వారీగా వంతులు పెట్టాలి. కొందరు సాయంత్రం, కొందరు పొద్దున చేసేలా చూస్తే నాలుగింటికి బకెట్ పట్టుకుని నిలబడే పని ఉండదు. ట్యాంకు నీళ్లు చాలకపోతే ట్యాంకర్ తెప్పించండి, ఫీజులో ఆ డబ్బు కూడా ఉంది.

4. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు, స్పీకర్ లేకుండా ఇంటికి ఫోన్ మాట్లాడనివ్వాలి. ఆదివారం విజిట్ ఆపకూడదు.

5. జ్వరం వచ్చినా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ రోజే తల్లిదండ్రులకు చెప్పాలి. సిక్ రూములో ఉన్న పిల్లకు టెస్టు బాకీ పెట్టకూడదు.

6. కౌన్సిలర్‌ను పెట్టాలి. ఈలోగా మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ప్రతి ఫ్లోర్‌లో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఆ నంబర్లకు పిల్లలు ఎవరినీ అడగకుండా చేసుకునేలా ఫ్లోర్‌కు ఒక ఫోన్ ఉండాలి.

7. అధికారులు తనిఖీకి రాత్రి 11 గంటలకు రండి. తెల్లవారుజామున నాలుగున్నరకు రండి. పగలు 11 గంటలకు, ముందే చెప్పి వస్తే మీకు కనిపించేది ముగ్గు వేసిన గేటు, ఇస్త్రీ యూనిఫారాలు. స్టాఫ్ ఎవరూ లేకుండా పిల్లలతో మీరే మాట్లాడండి. ఆడపిల్లల హాస్టల్ అయితే మహిళా అధికారిని పంపండి. అర్జీ ఇచ్చిన వాళ్లతో మాట్లాడకుండా పరిష్కారమైందని మూసేయకండి.

8. సుప్రీంకోర్టు చెప్పిన జిల్లా కమిటీలో ఎవరెవరున్నారు, ఏ స్కూలుకు ఎప్పుడు వెళ్లారు, ఏం చూశారు అన్నది రెండు జిల్లాల్లోనూ అందరికీ తెలిసేలా ప్రకటించాలి. కమిటీలో హాస్టల్ పిల్లల తల్లులకు కూడా చోటు ఇవ్వాలి.

చాలా సబ్జెక్టులకు పరీక్ష 9:30కు మొదలై 12:45 దాకా ఉంటుంది. ఆ మూడుంబావు గంటలు పిల్ల కళ్లు తెరిచి, ప్రశ్న సరిగ్గా చదివి, తనకు తెలిసింది రాయగలిగితే చాలు. ఎన్ని వస్తే అన్ని. 401 వచ్చినా మా పాపను ఇంటర్‌లో చేర్పిస్తాం.

వచ్చే సోమవారం లోపల లైట్లు ఆర్పే టైం మారకపోతే, ఇంకా నిలబడి ఉన్న ఆరుగురు తల్లిదండ్రులం ఆ రాత్రే మీ గేటు దగ్గరికి వచ్చి కూర్చుంటాం. గొడవ చేయం, ఎవరినీ దూషించం. స్టడీ హాల్ లైట్ ఎన్ని గంటలకు ఆరుతుందో రాసుకుంటాం. మళ్లీ నాలుగింటికి బాత్రూమ్ లైట్లు వెలిగే టైం రాసుకుంటాం. వారం రోజులు రాసిన ఆ కాగితం తీసుకెళ్లి అధికారులకు ఇస్తాం, రసీదు తీసుకుంటాం. ఆవుల్ని ఆ వారం మా అత్తమ్మ చూసుకుంటానంది.

ఇట్లు,
ఒక పదో తరగతి విద్యార్థిని తల్లి,
పాకాల మండలం, తిరుపతి జిల్లా